కొవ్వొత్తి ముక్కలు కరిగించడం, పడిన మైనం వదిలించడం: తెలిసినవాళ్ళు చెప్పండి

బరంపురం_కోడలు
తుఫాను భయానికి కొన్నవి, దీపావళికి వరండాలో వెలిగించినవి, పిల్లల పుట్టినరోజులవి, అన్నీ కలిసి ఒక పెద్ద డబ్బా నిండా కొవ్వొత్తి ముక్కలు పోగయ్యాయి. పారేయబుద్ధి కావడం లేదు. కరిగించి మళ్ళీ పోసుకుందామంటే మా అత్తగారు "పాత మూకుడు పొయ్యి మీద పెట్టి కరిగించెయ్, అదేమంత పని" అంటారు. మా ఆయనేమో "ఇల్లు తగలబెడతావా" అంటారు. ఎవరి మాట వినాలి?

ఇంకో సంగతి. వరండాలో ఎర్ర గచ్చు మీద మైనం కారి గడ్డకట్టింది. నా పట్టుచీర కొంగు మీద కూడా చుక్కలు పడ్డాయి. పెళ్ళినాటి చీర, ఇక్కడి మగ్గం మీద నేసిందే. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు, చూసేకొద్దీ టెన్షన్. స్వయంగా చేసినవాళ్ళు చెప్పండి.

కాశీనగర్_కుర్రోడు
అత్తగారి మాటే రైటు. మా ఇంట్లో ఎప్పుడూ నేరుగా మంట మీదే. సన్నసెగ పెట్టి పక్కనే నిలబడితే ఏమీ కాదు.

పర్లాకిమిడి_సైన్స్‌మాస్టారు
బాబూ, "ఏమీ కాదు" అనేది ఇంతవరకూ ఏమీ కాలేదు కాబట్టి అంటున్న మాట. మైనం సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మామూలు కొవ్వొత్తి అంటే ఎక్కువగా పారఫిన్ మైనం. అది 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే మనకు కావలసిన వేడి చాలా తక్కువ. నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి, బుడగలు వస్తాయి, చప్పుడవుతుంది, మనకు తెలుస్తుంది. మైనం అలా కాదు. కరిగాక నిమ్మళంగా కనిపిస్తూనే వేడెక్కిపోతుంది. సుమారు 200 డిగ్రీలు దాటితే దాని ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. గ్యాస్ మంట మీద పెట్టిన గిన్నె అడుగు ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. పైకి పొగ కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

అందుకే గిన్నెలో గిన్నె పెట్టాలి. బయటి గిన్నెలో నీళ్ళు, లోపలి గిన్నెలో మైనం. నీళ్ళు ఉన్నంతసేపూ మైనం 100 దాటదు. సెగ ఎంత పెంచినా దాటదు. ఇంతకంటే చవకైన కాపలా లేదు.

బరంపురం_కోడలు
మాస్టారూ, ఇది మా అత్తగారికి చదివి వినిపించాను. "మరి ఇన్నాళ్ళూ ఎలా చేశాం" అంటున్నారు.

పర్లాకిమిడి_సైన్స్‌మాస్టారు
ఆవిడ చేసినంతకాలం పక్కనే కూర్చుని చూసుకుని ఉంటారు. ఇప్పుడు మధ్యలో ఫోన్ మోగుతుంది, గేటు దగ్గర పార్సిల్ అబ్బాయి పిలుస్తాడు. పైగా అప్పటి బొగ్గుల పొయ్యి వేరు, ఇప్పటి గ్యాస్ బర్నర్ వేరు. ఆవిడకు నా నమస్కారం చెప్పండమ్మా.

సిరొంచ_శీను
మాది గోదావరి ఇవతల, మహారాష్ట్ర వైపు. మా వీధిలో జరిగింది చెబుతాను. ఒకాయన ఇంట్లో మూకుట్లో మైనం కరిగిస్తుంటే అంటుకుంది. మంట పెద్దదేం కాదు, మూకుడు వరకే ఉంది. ఇంట్లోవాళ్ళు కంగారులో చెంబుతో నీళ్ళు పోశారు. అంతే, మంట ఒక్కసారి పైకప్పు దాకా లేచింది. కిటికీ తెర అంటుకుంది, ఆయన చేతి మీది వెంట్రుకలన్నీ కాలాయి. ప్రాణాలకు ఏమీ కాలేదు గానీ వంటింటి గోడ మీద ఆ నల్ల మరక సున్నం వేసినా చాలాకాలం పోలేదు. నీళ్ళు పోస్తే మంట ఎందుకు పెరిగిందో ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు.

పర్లాకిమిడి_సైన్స్‌మాస్టారు
శీను గారూ, మైనం నీళ్ళకంటే తేలిక. పోసిన నీళ్ళు కాగిన మైనం కిందికి దిగుతాయి. అక్కడ 200 డిగ్రీల పైన వేడి. నీళ్ళు రెప్పపాటులో ఆవిరైపోతాయి. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు 1700 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి పైకి తన్నుకొస్తూ మండుతున్న మైనాన్ని తుంపరలుగా ఎగరగొడుతుంది. కాగే నూనె అంటుకున్నా ఇదే జరుగుతుంది.

చేయవలసింది ఇది. ముందు గ్యాస్ కట్టేయండి. గిన్నెకు సరిపోయే లోహపు మూతను పక్కనుంచి జరుపుతూ మూయండి, పైనుంచి పడేయకండి. గిన్నెను కదపకండి, ఎత్తుకుని బయటికి పరిగెత్తకండి. మూత వెంటనే తీసి చూడకండి, వేడి తగ్గకపోతే గాలి తగలగానే మళ్ళీ అంటుకుంటుంది. మంట అదుపులోకి రాదనుకుంటే ఫైర్ సర్వీసు 101కి ఫోన్ చేసి అందరూ బయటికి రండి. కరిగించడం మొదలుపెట్టే ముందే ఆ మూత చేతికి అందేలా పెట్టుకోవాలి.

కాశీనగర్_కుర్రోడు
సరే మాస్టారూ, గిన్నెలో గిన్నె ఒప్పుకున్నాను. కానీ ఇండక్షన్ స్టవ్ మీద నేరుగా పెడితే? మంటే ఉండదుగా.

లాంజిపల్లి_ఎలక్ట్రీషియన్
మంట లేకపోయినా అడుగు కాలుతుంది తమ్ముడూ. ఇండక్షన్‌లో గిన్నె అడుగే వేడెక్కుతుంది, అదీ చాలా త్వరగా. నూనె మాడటం చూడలేదా? ఇండక్షన్ మీద కూడా కింద నీళ్ళ గిన్నె ఉండాల్సిందే. ఒక మంచి ఏంటంటే పక్కన నిప్పు ఉండదు, కాబట్టి ఉన్నవాళ్ళు అదే వాడండి. మైక్రోవేవ్ జోలికి మాత్రం వెళ్ళకండి. మైనం అందులో సరిగ్గా వేడెక్కదు, ఒకచోట కాలి ఒకచోట గట్టిగా ఉంటుంది. టీ లైట్లు, గ్లాసు కొవ్వొత్తుల అడుగున వత్తిని పట్టి ఉంచే రేకు బిళ్ళ ఉంటుంది కదా, అది లోపల నిప్పురవ్వలు కొడుతుంది.

గుణుపురం_గౌరి
కుక్కర్‌లో పెట్టి ఒక విజిల్ రానిస్తే?

లాంజిపల్లి_ఎలక్ట్రీషియన్
అస్సలు వద్దమ్మా. మూత బిగించి మైనం వండకూడదు. లోపల ఏం జరుగుతుందో కనిపించదు, మైనం ఎగిరి విజిల్ దారిలో గడ్డకడితే కుక్కరే ప్రమాదం. ఖాళీ కుక్కర్‌ను మూత లేకుండా బయటి గిన్నెగా వాడుకోవచ్చు, మందంగా ఉంటుంది కాబట్టి బాగుంటుంది.

కోరాపుట్_కొండగాలి
మా ఊరు ఎత్తు మీద ఉంది కదా, 870 మీటర్ల దాకా. ఇక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. మైనానికి సరిపోతుందా?

పర్లాకిమిడి_సైన్స్‌మాస్టారు
బ్రహ్మాండంగా సరిపోతుంది. 65కే కరిగేదానికి 97 ఎక్కువే. చలికాలం మీ దగ్గర గిన్నె దించగానే పైన పొర కడుతుంది, పోసే పని త్వరగా కానివ్వండి.

జయపురం_అన్నపూర్ణ
ఇక నేను చేసే పద్ధతి. ప్రతి ఏడాదీ చేస్తాను కాబట్టి చిన్న విషయాలు కూడా చెబుతున్నాను.

ముక్కల్ని రంగుల వారీగా వేరు చేయండి. అన్నీ కలిపితే చివరికి మట్టిరంగు వస్తుంది. కాలిన అగ్గిపుల్లలు, అంటుకున్న కాగితాలు తీసేయండి. బయటి గిన్నె అడుగున మడతపెట్టిన గుడ్డో చిన్న స్టీలు రింగో వేసి దాని మీద లోపలి గిన్నె పెట్టండి, లేకపోతే నీళ్ళు మరిగేటప్పుడు అది ఎగిరెగిరి పడుతుంది. లోపలి గిన్నెకు మూతి ముక్కులా వంచి ఉంటే పోయడానికి సుళువు. సగం దాకే నింపండి. నీళ్ళు లోపలి గిన్నె సగం ఎత్తుకు మించకూడదు. నీళ్ళు తగ్గుతున్నప్పుడు పక్కన కాచిన వేడినీళ్ళే పోయండి.

కరగడం చూడటం నాకు ఇష్టం. ముందు అంచుల దగ్గర ముక్కలు నూనె రాసినట్టు మెరుస్తాయి, తరువాత తెల్లదనం పోయి అద్దంలా తేటపడుతుంది. పాత వత్తులు నల్లగా విడిపోయి అడుగుకు జారతాయి. పట్టకారుతో ఆ వత్తులు తీసేసి, పాత పంచె గుడ్డ వేసిన స్టీలు జల్లెడలోంచి ఇంకో గిన్నెలోకి వడకడతాను. వడకట్టేటప్పుడు, పోసేటప్పుడు స్టవ్ ఆర్పేయాలి. ఒక్క చుక్క బర్నర్ మీద పడితే చాలు. జల్లెడ ఇక టీకి పనికిరాదు, దీనికే ఉంచుకోండి.

మైనంలో నీటిచుక్క పడనివ్వకండి. పడితే తరువాత కొవ్వొత్తి వెలిగించినప్పుడు చిటచిట అంటుంది.

గుణుపురం_గౌరి
అన్నపూర్ణక్కా, అచ్చులు ఎక్కడ కొన్నారు?

జయపురం_అన్నపూర్ణ
కొనలేదు. బొప్పాయి ఆకు కాడ. లోపల డొల్లగా ఉంటుంది కదా, తిన్నగా ఉన్న ముక్క కోసి కింద తడి మట్టితో మూసి, మధ్యలో వత్తి నిలబెట్టి పోస్తే కాస్త సన్నటి కొవ్వొత్తి వస్తుంది. గట్టిపడ్డాక కాడను చీల్చేయడమే. సన్న వెదురు గొట్టం నిలువునా రెండుగా చీల్చి, తాడుతో కట్టి కూడా వాడొచ్చు. లోపల కొంచెం నూనె రాయాలి. అన్నిటికంటే సులువు మట్టి ప్రమిదలు, దీపావళివి ఎలాగూ ఉంటాయి.

వత్తికి నూలు దారం పేని, కరిగిన మైనంలో ఒకసారి ముంచి తిన్నగా ఆరబెట్టుకోండి. దారంలో గాలి పోతుంది, నిలబడుతుంది. మరీ లావుగా పేనితే పొగ వస్తుంది, మరీ సన్నగా ఉంటే చుట్టూ కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. నైలాన్ దారం వద్దు.

ఛత్రపురం_చంటి
వాసన కోసం కర్పూరం కలిపితే బాగుంటుందని మా పిన్ని చెప్పింది. కార్తీక మాసం కదా.

పర్లాకిమిడి_సైన్స్‌మాస్టారు
వద్దు బాబూ. కర్పూరం మైనం కంటే చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. వేడి మైనంలో వేస్తే దాని ఆవిరి గిన్నె మీద నిలుస్తుంది, దగ్గర్లో మంట ఉంటే గప్పున పట్టుకుంటుంది. కర్పూరం హారతి పళ్ళెంలోనే వెలిగించండి.

ఛత్రపురం_చంటి
పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. "మాస్టార్ని అడిగి పెట్టావు, నయమే" అంది.

రాయగడ_రైల్వేకాలనీ
నాకు ఒక సందేహం. కొవ్వొత్తి పది రూపాయలకు దొరుకుతుంది. గ్యాసు, సబ్బు, శ్రమ లెక్కేస్తే ఇదంతా దేనికి? ముక్కల్ని కరిగించకుండానే వాడుకోవచ్చు. బిగుసుకున్న చెక్క సొరుగు అంచుకు రుద్దితే హాయిగా జారుతుంది. బ్యాగు జిప్పుకు రుద్దొచ్చు. గట్టి కర్రలో మర మేకు దిగకపోతే మేకుకు రాయండి. సూదిలోకి దూరని దారం కొసకు కూడా. మా నాన్న ఒక ముక్కను పనిముట్ల డబ్బాలో ఎప్పుడూ ఉంచుతారు.

పర్లాకిమిడి_పాతబస్తీ
రూపాయల లెక్క కాదండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిపోయిందో మీకు తెలుసు. స్తంభాలు పడిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. పది రూపాయల కొవ్వొత్తి ఏ కొట్లోనూ లేదు. అప్పుడు మా ఇంటికి, పక్కింటికి వెలుగిచ్చింది ఇలా దాచిన ముక్కలతో పోసిన ప్రమిదలే. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో ఉన్నవాళ్ళకూ ఇది తెలుసు. అక్టోబరు రాకముందే మైనం సర్దిపెట్టుకునే ఇల్లు మాది. కోడలు గారూ, పారేయకండి.

రాయగడ_రైల్వేకాలనీ
అది నిజం. ఆ మాట కాదనను. సొరుగు సంగతి కూడా నిజమే.

జయపురం_అన్నపూర్ణ
పాతబస్తీ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. తుఫాను రాత్రి మట్టుకు కొత్తగా కరిగించే పని పెట్టుకోకండి. చీకట్లో, గాలిలో, పిల్లలు చుట్టూ తిరుగుతుంటే వేడి మైనంతో పని చేయకూడదు. ఎండ ఉన్న పగలు ముందే చేసి పెట్టుకోవాలి.

ఈ పనిలో మనకంటే పెద్దవాళ్ళు మన పక్కనే ఉన్నారు. ఢోక్రా బొమ్మలు చేసేవాళ్ళు మైనాన్ని దారంలా తీసి మట్టి ముద్ద మీద నగిషీ అల్లుతారు, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కారిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. కొలిమి పనంతా ఆరుబయటే. ఆ చేతులకు ఎంత అలవాటున్నా ఇంటి మధ్యలో ఆ పని పెట్టుకోరు. మనమూ కిటికీ తెరిచి, గాలి ఆడేచోట చేద్దాం.

ఛత్రపురం_నర్సు
చేతి మీద పడితే ఏం చేయాలో ఎవరూ రాయలేదు. కొళాయి కింద మామూలు చల్లటి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి. ఐసు పెట్టకండి. ఉంగరాలు, గాజులు ఉంటే వాపు రాకముందే తీసేయండి. మైనం చర్మానికి అంటుకుపోయి ఉంటే పీకకండి, కింద చర్మం కూడా వస్తుంది. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి ఏదీ రాయకండి, మేం ఆసుపత్రిలో అవన్నీ కడగలేక చస్తాం, రోగికి నొప్పి. బొబ్బ అరచేతికంటే పెద్దదైనా, ముఖం మీదో కీళ్ళ మీదో పడినా, పసిపిల్లలైతే ఎంత చిన్నదైనా డాక్టర్ దగ్గరికే.

పని చేసేటప్పుడు నూలు బట్టలు వేసుకోండి. వేలాడే చున్నీ, పాలిస్టర్ నైటీ వద్దు.

గుణుపురం_చర్చి_సేవకుడు
నేల గురించి నేను చెప్తాను. క్రిస్మస్ రాత్రి ఆరాధన అయ్యాక మా చర్చి నేలంతా మైనమే, శుభ్రం చేసేది మా జట్టే.

మొదటి మాట, మెత్తగా ఉన్నప్పుడు తుడవకండి, పులిమేస్తుంది. గడ్డకట్టనివ్వండి. తొందరైతే ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలు వేసి దాని మీద పెట్టండి. ప్లాస్టిక్ స్కేలు అంచుతో పక్కనుంచి నెడితే పెళ్ళలుగా లేస్తుంది. చాకు వాడితే గీతలు పడతాయి. మిగిలిన పలచటి పొర మీద వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాసేపు అదిమి, మెత్తబడగానే పొడిగుడ్డతో పైకి అద్దండి, రుద్దకండి. మరిగే నీళ్ళు నేల మీద ధార పోయకండి, మైనం కరిగి టైల్స్ సందుల్లోకి పోతుంది.

మీది ఎర్ర గచ్చు అన్నారు. దానికి మైనం శత్రువు కాదు, ఆ నేలకు మెరుపు కోసం మైనం పాలిష్ పట్టేవాళ్ళు ఉన్నారు. పెళ్ళలు తీశాక కొంచెం పొర మిగిలినా పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే నేలలో కలిసిపోతుంది. జారుతుంది మాత్రం, పెద్దవాళ్ళు నడిచేచోట సబ్బునీళ్ళతో ఒకసారి తుడవండి.

కాశీనగర్_కుర్రోడు
కిరసనాయిలు పోస్తే ఒక్క తుడుపుకే పోతుంది.

గుణుపురం_చర్చి_సేవకుడు
పోతుంది తమ్ముడూ, కానీ వాసన వారం ఉంటుంది. పక్కన ఇంకో కొవ్వొత్తి వెలుగుతూ ఉంటే ఏమవుతుందో ఆలోచించు. ప్లాస్టిక్ స్కేలు ఉండగా అదెందుకు?

పట్టు_మగ్గం
కోడలు గారూ, మీ చీర సంగతికి వస్తున్నాను. మాది నేత ఇల్లు, బరంపురంలోనే. అంచున కుంభం ఉన్న ఫోడా చీరైతే మరీ జాగ్రత్త, ఆ గుడి గోపురాల వరస దగ్గర నేత చిక్కగా ఉంటుంది, అక్కడ గీకితే పోగు లేస్తుంది.

చీరను తడపకండి. కొంగు ఒక్కటే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో ఓ అరగంట పెట్టండి. చుక్క పెళుసు అవుతుంది. బట్టను వేళ్ళ మధ్య మెల్లగా వంచితే అదే పగులుతుంది. మిగిలినదాన్ని చెంచా వెనకవైపుతో నేత పొడవునా నెమ్మదిగా తోయండి. గోటితో గీకకండి. తరువాత రంగు, అచ్చు లేని కాగితం కింద ఒకటి పైన ఒకటి వేసి, పైన పలచటి నూలు గుడ్డ కప్పి, ఇస్త్రీ పెట్టెను పట్టుబట్టలకు పెట్టే తక్కువ వేడి మీద ఉంచి ఒత్తి తీయండి. కాగితంలోకి మైనం దిగినట్టు నూనె మరకలా కనిపిస్తుంది. ప్రతిసారీ కాగితం కొత్తచోటికి జరపండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా పట్టుకు అంటుతుంది. ముందు లోపలి మడతలో ఎక్కడైనా ఇస్త్రీ వేడి పరీక్షించుకోండి. జరీ మీద ఇస్త్రీ ఆనించకండి.

కొవ్వొత్తి రంగుదైతే మైనం పోయినా రంగు మరక ఉండొచ్చు. దానికి ఇంట్లో ప్రయోగాలు వద్దు, డ్రైక్లీనింగ్ వాళ్ళకి ఇచ్చి ఇది కొవ్వొత్తి మరక అని నోరు విప్పి చెప్పండి. పెట్రోలుతో ఇంట్లో తుడవమని కొందరు చెబుతారు. పక్కన స్విచ్ వేసినా అంటుకునే వస్తువది, వినకండి.

సిరొంచ_శీను
నూలు బట్టలకైతే?

పట్టు_మగ్గం
నూలుకు ఇంకా సులువు. ఇదే పద్ధతి, కొంచెం ఎక్కువ వేడి తట్టుకుంటుంది. ఆఖర్న వేడినీళ్ళు, సబ్బు. పాలిస్టర్‌కు మాత్రం తక్కువ వేడే, బట్టే కరిగిపోతుంది.

గుణుపురం_గౌరి
గిన్నెలు ఎలా కడగాలి? పోయినసారి మా వదిన సింకులో వేడినీళ్ళతో కడిగితే నెల తిరక్కుండా సింకు మూసుకుపోయింది.

జయపురం_అన్నపూర్ణ
సింకులో మైనం పోయకూడదు గౌరీ, వేడినీళ్ళతో కలిపినా సరే. గొట్టంలో కొంచెం దూరం పోగానే చల్లబడి గడ్డకడుతుంది. గిన్నె వెచ్చగా ఉండగానే పాత పేపరుతో తుడిచేయాలి. తొంభై పాళ్ళు అక్కడే పోతుంది. తరువాత గిన్నెలో నీళ్ళు పోసి కాచి కదలకుండా వదిలేస్తే, చల్లారాక మిగిలిన మైనం పైన బిళ్ళలా తేలుతుంది. బిళ్ళ తీసి డబ్బాలో వేసుకుని, నీళ్ళు పెరట్లో పోయండి. అడుగున మసి కనిపిస్తుంది. మురికి మైనాన్ని శుభ్రం చేయడానికి కూడా ఇదే దారి.

ఇత్తడి కుందులకైతే గీకుడు వద్దు, వేడినీళ్ళలో ముంచి ఉంచి మెత్తబడ్డాక గుడ్డతో తుడిచేయండి. అడుగున మైనం మిగిలిన గాజు గ్లాసును కొన్ని గంటలు ఫ్రీజర్లో పెడితే మైనం ముడుచుకుని దానంతటదే ఊడొస్తుంది. తీయగానే వేడినీళ్ళు పోయకండి, గ్లాసు పగులుతుంది.

బరంపురం_కోడలు
అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం పగలు వెనక వరండాలో ఇండక్షన్ పెట్టి చేశాం. అత్తగారే పట్టకారు పట్టుకున్నారు, మూత నేను పట్టుకుని కూర్చున్నాను. ప్రమిదలు బాగా వచ్చాయి. చీర మీద చుక్కలు రెండు పూర్తిగా పోయాయి, ఎర్రటి చుక్క ఒకటి లేత గులాబీ మరకగా మిగిలింది, డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాను. ఒకటే చిక్కు. చల్లారాక ప్రతి ప్రమిదలోనూ వత్తి చుట్టూ గుంట పడింది. ఎందుకని?

జయపురం_అన్నపూర్ణ
మైనం గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. అందరికీ అలాగే అవుతుంది. పోసేటప్పుడే కొంచెం మైనం అట్టేపెట్టుకుని, గుంట పడ్డాక మళ్ళీ కరిగించి నింపాలి. రెండోసారి అంచుదాకా పోయకండి, పక్కకు కారుతుంది.

పర్లాకిమిడి_పాతబస్తీ
దాచేటప్పుడు మేడ మీది రేకుల గదిలో పెట్టకండి. మే నెల ఎండకు ఆ గదిలో కొవ్వొత్తులు వంగిపోతాయి. కాగితంలో చుట్టి, పడుకోబెట్టి, కింద గదిలో అలమర అడుగు అరలో పెట్టండి. అగ్గిపెట్టెను కూడా కవర్లో చుట్టి పక్కనే ఉంచండి. తుఫానులో ముందు చెమ్మగిల్లేది అదే.